పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్: తరచుగా అడిగే ప్రశ్నలు

పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా (ఎఫ్‌టీఐఐ) చరిత్ర, కోర్సులు, ప్రవేశ పరీక్ష, లోపల జరిగే పని గురించి తెలుగు విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. ఫీజులు, సీట్ల సంఖ్య, దరఖాస్తు తేదీలు ఏటా మారతాయి కాబట్టి ఇక్కడ ఇవ్వలేదు. వాటికి ఆ ఏడాది నోటిఫికేషనే ప్రమాణం.

ఈ సంస్థ ఎప్పుడు, ఎందుకు పుట్టింది?

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1949లో, కేంద్ర ప్రభుత్వం ఎస్.కె. పాటిల్ అధ్యక్షతన సినిమా విచారణ కమిటీని వేసింది. 1951లో వచ్చిన ఆ కమిటీ నివేదిక సినిమా విద్యకు ఒక సంస్థ కావాలని గట్టిగా చెప్పింది. అది అమలు కావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. 1960లో సమాచార, ప్రసార శాఖ కింద ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఏర్పడింది, 1961లో తరగతులు మొదలయ్యాయి. మొదటి ప్రిన్సిపాల్ గజానన్ జాగీర్దార్. ఆయన తర్వాత వచ్చిన జగత్ మురారి హయాంలోనే సంస్థ ఒక రూపానికి వచ్చిందని చెప్పాలి.

ప్రపంచంలో ఇది తొలి ఫిల్మ్ స్కూలేమీ కాదు. మాస్కోలో 1919లోనే ఒకటి మొదలైంది. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ 1929లో సినిమా పాఠాలు పెట్టింది. ప్రాగ్‌లో 1946లో, పోలండ్‌లోని వూచ్‌లో 1948లో స్కూళ్లు వచ్చాయి.

బొంబాయిలోనో మద్రాసులోనో పెట్టకుండా పుణెలో ఎందుకు పెట్టారు?

ఖాళీగా ఉన్న స్టూడియో అక్కడ దొరికింది. 1929లో కొల్హాపూర్‌లో పుట్టిన ప్రభాత్ ఫిల్మ్ కంపెనీ 1933లో పుణెకు మారి, లా కాలేజీ రోడ్డులో పెద్ద స్టూడియో కట్టుకుంది. యాభైల తొలి ఏళ్లలో అది మూతపడింది. ప్రభుత్వం కొన్నది ఆ ప్రాంగణాన్నే. షూటింగ్ ఫ్లోర్లు, సెట్లు వేసే వడ్రంగిశాల, నీటి చెరువు అన్నీ ఉన్న చోట బడి పెట్టడంతో మొదటి నుంచీ విద్యార్థుల చదువు బల్లల ముందు కంటే ఫ్లోర్ మీదే ఎక్కువ సాగింది.

1964లో పక్కనే నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ కూడా వచ్చింది. పి.కె. నాయర్ అక్కడ పోగేసిన ప్రింట్లు ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులకు సగం సిలబస్ అనవచ్చు. ఇంటర్నెట్ లేని రోజుల్లో జపాన్, ఫ్రాన్స్, హంగరీ సినిమాలు ఈ దేశంలో ఇంత క్రమంగా చూడగలిగిన చోట్లు చాలా తక్కువ. 2022లో ఆర్కైవ్ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో విలీనమైంది.

‘టెలివిజన్’ అన్న మాట పేరులోకి ఎలా వచ్చింది?

దూరదర్శన్ సిబ్బందికి శిక్షణ ఇచ్చే విభాగం మొదట ఢిల్లీలో ఉండేది. దాన్ని 1974లో పుణెకు తెచ్చారు. ఈ టీవీ శిక్షణ చేరడంతోనే పేరు ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా అయింది.

ఇది యూనివర్సిటీయేనా? డిగ్రీ వస్తుందా, డిప్లొమానా?

ఆరు దశాబ్దాలకు పైగా డిప్లొమానే. మూడేళ్ల పీజీ డిప్లొమాను అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్ మాస్టర్స్ డిగ్రీతో సమానంగా గుర్తించింది. 2025 ఏప్రిల్‌లో పుణె సంస్థకూ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌కూ డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. దాంతో సొంతంగా డిగ్రీలు, డాక్టరేట్లు ఇచ్చే దారి తెరుచుకుంది. మీరు చేరే కోర్సుకు ఏ పట్టా ఇస్తారో ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి. పాత వెబ్ పేజీల్లో ఉన్న సమాచారం డిప్లొమా రోజులది.

సినిమా యూనిట్‌లో ఈ పట్టాను ఎవరూ అడగరు. లెక్చరర్ ఉద్యోగానికో, విదేశీ పీహెచ్‌డీకో, ప్రభుత్వ కొలువుకో వెళ్లాలనుకున్నప్పుడే దాని అవసరం కనిపిస్తుంది.

ఏయే కోర్సులున్నాయి?

ఫిల్మ్ విభాగంలో మూడేళ్లవి అయిదు: డైరెక్షన్ అండ్ స్క్రీన్‌ప్లే రైటింగ్, సినిమాటోగ్రఫీ, ఎడిటింగ్, సౌండ్ రికార్డింగ్ అండ్ సౌండ్ డిజైన్, ఆర్ట్ డైరెక్షన్ అండ్ ప్రొడక్షన్ డిజైన్. స్క్రీన్ యాక్టింగ్ రెండేళ్లది. స్క్రీన్ రైటింగ్‌కు విడిగా ఒక కోర్సు ఉంది. టీవీ విభాగంలో డైరెక్షన్, ఎలక్ట్రానిక్ సినిమాటోగ్రఫీ, వీడియో ఎడిటింగ్, సౌండ్ కోర్సులు ఏడాదివి.

టీవీ కోర్సు అంటే రెండో రకం అనుకునేవాళ్లు చాలామంది. 2024లో కాన్ ఉత్సవంలో విద్యార్థి చిత్రాల విభాగమైన లా సినెఫ్‌లో మొదటి బహుమతి అందుకున్న చిదానంద నాయక్ ఏడాది నిడివి టీవీ కోర్సు విద్యార్థే. అంతకుముందు ఆయన వైద్యం చదివారు. మూడేళ్లు ఖర్చు పెట్టలేనివాళ్లు ఈ దారిని తేలిగ్గా కొట్టిపారేయకూడదు.

నాకు సినిమా అంటే ఇష్టం. ఏ కోర్సు ఎంచుకోవాలి?

దాదాపు అందరూ డైరెక్షన్‌కే దరఖాస్తు చేస్తారు, అక్కడే పోటీ ఎక్కువ. ఎంచుకునే ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. ఏదైనా ఒక సినిమాలో మీకు బాగా నచ్చిన సీను గురించి ఒక పేజీ రాయండి. వెలుగు ఎటునుంచి పడుతోంది, ముఖం ఎందుకు సగమే కనపడుతోంది అన్న దగ్గరే కలం ఆగిపోతే కెమెరా వైపు చూడండి. షాట్ ఎప్పుడు తెగింది, ఎందుకు అప్పుడే తెగింది అని రాస్తే ఎడిటింగ్. తలుపు చప్పుడు, దూరంగా రైలు, ఆగిపోయిన ఫ్యాను మీకు గుర్తుంటే సౌండ్.

ఎడిటింగ్ చదివిన రాజ్‌కుమార్ హిరానీ దర్శకుడయ్యారు. కోర్సు పేరు జీవితాంతం నుదుటి రాత కాదు. కాకపోతే డైరెక్షన్‌లో సీటు రాదేమోనన్న భయంతో సౌండ్‌లో చేరేవాళ్లు రెండో ఏడాదికల్లా డీలా పడతారు. అక్కడ రోజుకు గంటల తరబడి చెవులతోనే పని.

అర్హతలేమిటి?

ఏదైనా డిగ్రీ ఉంటే ఎక్కువ కోర్సులకు చాలు. ఆర్ట్ డైరెక్షన్‌కు చిత్రకళ, శిల్పం, ఆర్కిటెక్చర్, ఇంటీరియర్ డిజైన్ లాంటి చదువు అడుగుతారు. సౌండ్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉంటే పాఠం త్వరగా ఎక్కుతుంది. తరంగదైర్ఘ్యం, డెసిబెల్, ఫేజ్ అన్న మాటలు మొదటి వారంలోనే వస్తాయి. కేంద్ర సంస్థ కాబట్టి రిజర్వేషన్లు కేంద్ర నిబంధనల ప్రకారమే ఉంటాయి. ఓబీసీ అభ్యర్థులు కేంద్ర ప్రభుత్వ నమూనాలో తీసుకున్న నాన్ క్రీమీలేయర్ పత్రం పెట్టాలి. రాష్ట్ర నమూనా పత్రంతో వెళ్లి చివరి నిమిషంలో ఇబ్బంది పడటం మన దగ్గర మామూలే.

వర్ణాంధత్వం ఉంటే చేర్చుకోరా?

ఒకప్పుడు కొన్ని కోర్సులకు చేర్చుకునేవారు కాదు. ఎడిటింగ్ సీటు దక్కని ఒక విద్యార్థి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2022 ఏప్రిల్‌లో కోర్టు అన్ని కోర్సుల తలుపులూ తెరవాలని తీర్పు చెప్పింది. పాత సలహాలు నమ్మి దరఖాస్తు మానుకోవద్దు.

ప్రవేశ పరీక్ష ఎలా ఉంటుంది? కోచింగ్ కావాలా?

రాత పరీక్షలో ఎంచుకునే ప్రశ్నలూ, రాసే ప్రశ్నలూ ఉంటాయి. అది దాటినవాళ్లను తర్వాతి దశకు పిలుస్తారు, అందులో ఇంటర్వ్యూ ముఖ్యం. కొన్ని కోర్సులకు దానికి ముందు చేతిపని కూడా చేయిస్తారు. నటనకు ఆడిషన్ ఉంటుంది.

కోచింగ్‌లో బట్టీ పట్టించే అవార్డుల జాబితాలు కొన్ని మార్కులు తెస్తాయి, అంతకు మించి ఉపయోగపడవు. రాసే ప్రశ్నలు సాధారణంగా ఒక చిన్న పరిస్థితి ఇచ్చి, దాన్ని దృశ్యాలుగా, శబ్దాలుగా మలచమంటాయి. అక్కడ మనవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు కథను సారాంశంగా చెప్పేయడం. ‘అతను చాలా బాధపడ్డాడు’ అన్న వాక్యం తెర మీద కనపడదు. అతను మూడోసారి కూడా తాళం చెవి తప్పు కన్నంలో పెట్టాడని రాస్తే కనపడుతుంది.

సాధన చేసే పద్ధతి ఒకటి. రెండు నిమిషాల సీను ఎంచుకుని శబ్దం ఆపేసి చూడండి. ఒక్కో షాట్‌కు ఒక గీత చొప్పున షాట్ సైజు, కెమెరా స్థానం, కదలిక, నిడివి రాయండి. తర్వాత బొమ్మ చూడకుండా శబ్దం మాత్రమే విని, వినపడిన ప్రతిదీ ఇంకో కాగితం మీద రాయండి. రెండూ పక్కపక్కన పెట్టి, శబ్దం ఎక్కడ షాట్ కంటే ముందే మొదలైందో గుర్తు పెట్టండి. ఇరవై సీన్లు ఇలా చేస్తే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీ సొంత సరుకు చేతిలో ఉంటుంది.

ఇంటర్వ్యూలో ప్రపంచ సినిమా పేర్లు వల్లె వేయడం కంటే, మీరు పెరిగిన ఊరినీ అక్కడి మనుషులనూ, పనులనూ ఎంత నిశితంగా చూశారో చెప్పగలగడం మేలు. చూడని సినిమా చూశానంటే తర్వాతి ప్రశ్నకే దొరికిపోతారు.

తెలుగు మీడియం వాళ్లు నెగ్గుకు రాగలరా?

పాఠాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో, క్యాంటీన్ కబుర్లు హిందీలో సాగుతాయి. మొదటి సెమిస్టర్ కష్టంగానే ఉంటుంది. తీసే చిత్రం ఏ భాషలోనైనా ఉండవచ్చు, సబ్‌టైటిళ్లు వేస్తే చాలు. మలయాళం, కన్నడ, మరాఠీ విద్యార్థులు ఈ వెసులుబాటును బాగా వాడుకున్నారు. ఆదూర్ గోపాలకృష్ణన్, గిరీష్ కాసరవల్లి ఇక్కడ చదివి తమ భాషకే తిరిగి వెళ్లినవాళ్లు. మన వైపు నుంచి అలా వచ్చినవాళ్లలో దర్శకుల కంటే కెమెరా మనుషులే ఎక్కువ కనపడతారు. బాహుబలి ఛాయాగ్రాహకుడు కె.కె. సెంథిల్ కుమార్ ఇక్కడి విద్యార్థే.

మూడేళ్లలో అసలు ఏం చేయిస్తారు?

మొదట్లో కొంతకాలం అన్ని కోర్సుల వాళ్లకూ ఉమ్మడి పాఠాలు. డైరెక్షన్ విద్యార్థి మైకు పట్టుకుంటాడు, సౌండ్ విద్యార్థి లెన్స్ మారుస్తాడు. ఆ తర్వాత ఎవరి విభాగం వారిది. పని మాత్రం బృందంగానే సాగుతుంది. ఒక డైరెక్షన్, ఒక కెమెరా, ఒక ఎడిటింగ్, ఒక సౌండ్ విద్యార్థి కలిస్తే ఒక యూనిట్. ఆర్ట్ డైరెక్షన్ వాళ్లు సెట్ వేస్తారు, యాక్టింగ్ వాళ్లు నటిస్తారు.

సిలబస్ సవరించినప్పుడల్లా అభ్యాసాల పేర్లు, నిడివులు మారుతుంటాయి. వరుస మాత్రం దాదాపు ఇలాగే ఉంటుంది. మొదట కంటిన్యుటీ అభ్యాసం: మాటల్లేకుండా ఒక చర్యను అనేక షాట్లుగా విడగొట్టి, అతుకు తెలియకుండా కలపాలి. చేయి మారడం, చూపు దిశ తప్పడం, ఇద్దరు నటుల మధ్య ఊహించుకునే గీతను కెమెరా దాటడం లాంటి తప్పులన్నీ ఇక్కడే బయటపడతాయి. తర్వాత సంభాషణల సీను, డాక్యుమెంటరీ, ప్లేబ్యాక్ మీద పాట చిత్రీకరణ.

అన్నింటిలో గడ్డుది మిజాన్సెన్ అభ్యాసం. ఫ్లోర్ మీద సెట్ వేసి, షాట్లు వీలైనంత తక్కువగా పెట్టి, నటుల కదలిక, కెమెరా కదలిక, లైటు మూడింటినీ ఒకే ప్రవాహంగా నడపాలి. ఎడిటింగ్‌లో కప్పిపుచ్చుకునే అవకాశం ఉండదు. మూడు నిమిషాల షాట్‌లో రెండో నిమిషం దగ్గర బూమ్ (మైకు కట్టిన కర్ర) నీడ గోడ మీద పడితే మళ్లీ మొదటి నుంచి. దీనికి మందు రిహార్సల్. కెమెరా లేకుండా నటులతో ఒక పూట, కెమెరాతో ఇంకో పూట, ఆ తర్వాతే లైట్లు. ఈ వరుస తలకిందులు చేసి ముందే లైట్లు పెట్టేసుకున్న యూనిట్లు, నటుడు రెండడుగులు పక్కకు జరిగిన ప్రతిసారీ ఫ్లోర్ మొత్తం కదపాల్సి వస్తుంది.

చివరిది డిప్లొమా ఫిల్మ్, సాధారణంగా ఇరవై నిమిషాల చుట్టుపక్కల. బడ్జెట్, షిఫ్టులు, పరికరాలు సంస్థవి. స్క్రిప్టు అధ్యాపకుల ఆమోదం పొందాలి.

ఇంకా ఫిల్మ్ రీలు మీద తీయడం నేర్చుకోవాలా?

పని దొరకడానికి అవసరం లేదు. నేర్చుకుంటే మాత్రం మంచిదే. కారణం లెక్కలో ఉంది. 35 ఎంఎం ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి 90 అడుగులు తింటుంది. 400 అడుగుల రీలు నాలుగున్నర నిమిషాలు కూడా రాదు. పది నిమిషాల చిత్రానికి 900 అడుగులు కావాలి. ఒకటికి నాలుగు నిష్పత్తిలో, అంటే చిత్రం నిడివికి నాలుగు రెట్లు స్టాక్ ఇస్తే 3,600 అడుగులు, అంటే తొమ్మిది రీళ్లు. లోడ్ చేసేటప్పుడు వెలుగు తగిలే మొదళ్లు, మిగిలిపోయే తోకలు తీసేస్తే ఒక షాట్‌కు మూడు టేకులు మించి రావు. ఆ లెక్క తలలో ఉన్నవాడు యాక్షన్ చెప్పే ముందు ఆలోచిస్తాడు. 16 ఎంఎం కొంత నయం, నిమిషానికి 36 అడుగులే.

అభ్యాసాల్లో ఎక్కువగా చెడిపోయేవి ఏమిటి?

మొదటిది శబ్దం. లొకేషన్ చూడటానికి కెమెరా విద్యార్థి వెళతాడు, సౌండ్ విద్యార్థి వెళ్లడు. షూటింగ్ రోజున పక్కింటి బోరు మోటారు మొదలవుతుంది. లొకేషన్‌ను షూటింగ్ జరగబోయే గంటలోనే, సౌండ్ విద్యార్థితో కలిసి చూడాలి. ప్రతి సెటప్ అయ్యాక, ఎవరూ కదలకుండా, అదే మైకుతో, అదే స్థానంలో 30 నుంచి 60 సెకన్ల రూమ్ టోన్ (మాటల్లేనప్పుడు ఆ చోట వినపడే శబ్దం) రికార్డు చేయాలి. అది లేకపోతే ఎడిటింగ్‌లో రెండు డైలాగుల మధ్య గుంట పడినట్టు నిశ్శబ్దం వినపడుతుంది. రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ దగ్గర పెట్టుకుని, గట్టిగా మాట్లాడే ఘట్టాలు మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఉండేలా చూస్తే అరుపులు పగిలిపోవు.

రెండోది మిణుకు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు కొట్టుకుంటాయి. 24 ఫ్రేముల దగ్గర 180 డిగ్రీల షట్టర్ అంటే ఒక్కో ఫ్రేము మీద వెలుగు పడేది సెకనులో 48వ వంతు. ఆ లయకూ ఈ లయకూ పొసగక బొమ్మ అలలు కొడుతుంది. షట్టర్‌ను 172.8 డిగ్రీలకు తిప్పితే సరిగ్గా 50వ వంతు అవుతుంది, మిణుకు పోతుంది. దీనికి భయపడి కొందరు 25 ఫ్రేములకు మారి, తర్వాత థియేటర్ కోసం 24కు దించుతారు. అప్పుడు చిత్రం నిడివి నాలుగు శాతం పెరుగుతుంది, గొంతులూ కాస్త లావవుతాయి.

మూడోది డేటా. అల్ట్రా హెచ్‌డీలో ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే వీడియో ఫార్మాట్ గంటకు సుమారు 320 జీబీ. రెండు హార్డ్ డిస్కులకు కాపీ చేసి, చెక్‌సమ్ (కాపీ అసలుతో సరిపోయిందో చెప్పే సంఖ్య) చూసి, ఒక డిస్కు వేరే గదిలో పెట్టాకే కార్డు ఫార్మాట్ చేయాలి. ఫైళ్లను మౌస్‌తో లాగి వదిలేసి, ‘కాపీ అయింది’ అన్న మాట నమ్మి కార్డు తుడిచేస్తే, సగం రాసిన ఫైలు ఎడిటింగ్ టేబుల్ మీదే బయటపడుతుంది.

కోర్సు మూడేళ్లలోనే అయిపోతుందా? సమ్మెల మాటేమిటి?

ఒకప్పుడు తరచూ అయ్యేది కాదు. ఒక బ్యాచ్ డిప్లొమా చిత్రాలు ఆలస్యమైతే ఫ్లోరు, కెమెరాలు, మిక్సింగ్ థియేటర్ ఖాళీ కావు, వెనక బ్యాచ్ ఆగిపోతుంది. 2008లో చేరినవాళ్ల చిత్రాలు 2015లో కూడా పూర్తికాక పెద్ద వివాదమైంది. ఆ ఏడాదే సంస్థ అధ్యక్షుడి నియామకాన్ని వ్యతిరేకిస్తూ విద్యార్థులు 139 రోజులు సమ్మె చేశారు. తర్వాత సెమిస్టర్, క్రెడిట్ పద్ధతి వచ్చి గడువులు బిగిశాయి. అయినా ఇంట్లో డబ్బు లెక్క వేసుకునేటప్పుడు కొన్ని నెలల ఖర్చు అదనంగా పెట్టుకోవడం తెలివి.

నటన కోర్సు గురించి చెప్పండి.

నసీరుద్దీన్ షా, ఓం పురి, షబానా ఆజ్మీ, జయా భాదురి ఇక్కడ చదివారు. డెబ్బైల్లో ఆగిపోయిన ఈ కోర్సు 2004లో మళ్లీ మొదలైంది. వేరే విభాగాల విద్యార్థుల చిత్రాల్లో నటించడమే ఇందులో అసలైన లాభం.

చేరకుండానే రుచి చూసే దారి ఉందా?

ఉంది. ఆర్కైవ్‌తో కలిసి ఏళ్ల తరబడి నడుపుతున్న ఫిల్మ్ అప్రిసియేషన్ కోర్సు. సినిమాను ఎలా చదవాలో నేర్పుతుంది, తీయడం నేర్పదు. ప్రొఫెసర్ సతీష్ బహదూర్ ఈ పాఠానికి పునాది వేశారు. టీచర్లు, జర్నలిస్టులు, ఫిల్మ్ సొసైటీల వాళ్లు ఎక్కువగా వస్తారు. మూడేళ్లు పెట్టే ముందు మీకు ఈ లోకం పడుతుందో లేదో తేల్చుకోవడానికి దీన్ని మించింది లేదు.

ఇదంతా ఎందుకు, హైదరాబాద్‌లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరితే సరిపోదా?

చాలామందికి సరిపోయింది. అసిస్టెంట్‌గా షెడ్యూల్, కాల్ షీట్లు, ఆర్టిస్టులతో వ్యవహారం, కంటిన్యుటీ నోట్సు త్వరగా వస్తాయి. మీ సొంత షాట్ పెట్టి, అది తప్పని నలుగురి ముందు చూసుకునే అవకాశం మాత్రం ఏళ్ల తరబడి రాదు. ఇన్‌స్టిట్యూట్ ఇచ్చేది ఆ అవకాశమే. బయటికి వచ్చాక ఎవరూ పిలిచి పని ఇవ్వరు, అక్కడ అసిస్టెంట్లకున్న పరిచయాలే గొప్పవి. కెమెరా, సౌండ్, ఎడిటింగ్ విషయంలో స్కూలు వైపే మొగ్గుతాం. డైరెక్షన్ విషయంలో అంత గట్టిగా చెప్పలేం.

ఇక్కడ సీటు రాకపోతే?

కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ 1995లో ఏర్పడింది, అక్కడ నిర్మాణం, యానిమేషన్ కూడా ఉన్నాయి. చెన్నైలో అడయార్ ఇన్‌స్టిట్యూట్‌గా పేరున్న ప్రభుత్వ ఫిల్మ్ స్కూలు పుణె కంటే పాతది, మూలాలు 1945 నాటివి. ఏడాది ఆగి మళ్లీ రాసేవాళ్లు ఆ ఏడాదిలో రెండు చిన్న చిత్రాలు పూర్తి చేసుకోవాలి. మొదలుపెట్టి వదిలేసినవి ఇంటర్వ్యూలో పనికిరావు.

డిప్లొమా ఫిల్మ్ ఎవరిది? యూట్యూబ్‌లో పెట్టుకోవచ్చా?

నిర్మాత సంస్థ, కాపీరైట్ కూడా సంస్థదే. అనుమతి లేకుండా పెట్టకూడదు. ఉత్సవాలకు పంపాలన్నా సంస్థ ద్వారానే. ప్రీమియర్ నిబంధన ఉన్న పెద్ద ఉత్సవాలు, అప్పటికే ఆన్‌లైన్‌లో ఉన్న చిత్రాన్ని పక్కన పెట్టేస్తాయి కాబట్టి ఈ కట్టడి మీకూ మంచిదే. పంపే ముందు డీసీపీని (థియేటర్‌లో వేసే డిజిటల్ ప్రింట్) ఒకసారి నిజమైన థియేటర్‌లో వేసి చూడండి. 2కేలో తెర ఆకారం ఫ్లాట్ అయితే బొమ్మ కొలత 1998 బై 1080 పిక్సెళ్లు, ఇంకా వెడల్పైన స్కోప్ అయితే 2048 బై 858. 1920 బై 1080లో కూర్చిన చిత్రాన్ని చూసుకోకుండా ఫ్లాట్‌లోకి సాగదీస్తే ముఖాలు కాస్త వెడల్పవుతాయి. సరిచేయడానికి అరపూట చాలు, గడువు రోజున ఆ అరపూట దొరకదు.